రేఖ్తీ కవిత్వము: దోగానా శబ్ద విచారము

ఉర్దూ కవిత్వమునకు పూర్వము రేఖ్తా యని పేరు. ఆ శబ్దమును స్త్రీలింగముగా మార్చి రేఖ్తీ యనియు, అంతఃపుర స్త్రీల పలుకుబడిలో స్త్రీయే వక్తగా జెప్పిన గజళ్ళకు ఆ పేరు తగుననియు రూఢి చేసినవాడు సాదత్ యార్ ఖాన్ రంగీన్. ఈతడు 1835లో గతించెను. ఈతని మిత్రుడును భాషాశాస్త్రవేత్తయు నగు ఇన్షా అల్లా ఖాన్ ఇన్షా (మరణము 1817) ఆ మార్గమునే త్రొక్కి దానికి మెఱుగు పెట్టెను. రేఖ్తీయందు అత్తాకోడండ్ర పోరులు, దాసీల యాగడములు, నగలు, వస్త్రములు, గర్భిణుల కోరికలు, తాయెత్తులు, పురుషుని నిరీక్షించు విరహము మున్నగు విషయము లెన్నియో కలవు. వానితో బాటు స్త్రీ స్త్రీని వలచుటయు దాపరికము లేక వర్ణింపబడినది. అట్లు వలపునకు బాత్రమైన స్త్రీని ఆ కవులు దోగానా యని పిలిచిరి. ఈ యొక్క శబ్దము నాధారముగా గొని, ఆ కవిత్వమున "నేను" అనువారెవరు, "అన్యు"లెవరు అను ప్రశ్నను విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

తెలుగు పత్రికలో ఉర్దూ ప్రక్రియను గూర్చిన చర్చ యేల యని కొందఱు పండితులు ప్రశ్నింపవచ్చును. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమునకు గృతిపతి యనియు, పొన్నిగంటి తెలగనార్యుడు అచ్చతెలుగు యయాతి చరిత్రమును అమీన్ ఖానున కంకిత మిచ్చెననియు మనము పాఠశాలలలో బోధించుచునే యున్నాము. ఆ సంబంధము కృతిభర్తల సభలకే పరిమితము కాదు. 1591లో చార్మినారు చుట్టును నగరము వెలసిన నాటి నుండి తెలుగును దక్కనీయును ఒకే వీధిలో, ఒకే బావి కడ, ఒకే యింటి లోపలి వాకిట వినిపించుచు వచ్చినవి. సభలలోని మాటను భద్రపఱచుకొని లోపలి వాకిటి మాటను విడిచితిమి. రెండవ కారణ మింకొకటి కలదు. రేఖ్తీని గూర్చి నేడు రెండు తీర్పులు వాడుకలో నున్నవి. ఇది విలాసపురుషుల వెకిలి వేడుక యని యొక తీర్పు. స్త్రీల పరస్పరానురాగమునకు బ్రాచీన సాక్ష్యమని మఱియొక తీర్పు. మొదటి తీర్పు చెప్పినవారు గ్రంథమును మూసివేసిరి. రెండవ తీర్పు చెప్పినవారిలో గొందఱు, వ్రాసినవారెల్ల పురుషులే యను సంగతిని తేలికగా దాటిపోయిరి. రేఖ్తీలో కథ పురుషులది, మాట స్త్రీలది. సాక్ష్యమును కథలో గాక మాటలో వెదకవలయునని నేను తలచుచున్నాను.

దక్కను దేశమున స్త్రీకంఠముతో బురుషుడు కవిత చెప్పుట రంగీనునకు రెండు శతాబ్దములు ముందే కలదు. హైదరాబాదు నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షా (రాజ్యకాలము 1580-1611) తన ప్రేయసులను వర్ణించుచు, కొన్ని పద్యములలో దానే ప్రేయసియై పలికెను. ఆయన కవితాసర్వస్వమును మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో హైదరాబాదున బరిష్కరించి ప్రకటించెను. బిజాపూరు కవి హాష్మీ యీ కంఠమును ఇంకను విరివిగా వాడెను. అంధుడైన యీతడు పదునేడవ శతాబ్ది చివరి భాగమున నుండినవాడు. ఈతని దివానును హఫీజ్ ఖతీల్ పరిష్కరింపగా ఇదారె అదబియ్యాతె ఉర్దూ వారు 1961లో హైదరాబాదుననే వెలువరించిరి. ఇందుచే రేఖ్తీకి బుట్టినిల్లు దక్కను అనువారును కలరు. ఆ వాదములో సగమే సత్యము. హాష్మీ స్త్రీ పురుషునికై వేచును, పురుషుని దెప్పును, పురుషునికై సింగారించుకొనును. ఆమె పలుకు స్త్రీపలుకే కాని యామె చూపు పురుషుని దాటిపోదు. స్త్రీకంఠము వేఱు, స్త్రీ స్త్రీని వలచుట వేఱు. ఈ రెంటిని గలిపివేయుటచే గలిగిన తికమక మన తెలుగు పదకవితా విమర్శలోను గనబడును.

క్షేత్రయ్య పదములు చదివినవారికి హాష్మీ క్రొత్తవాడుగా దోపడు. ఈ పదకర్త గోలకొండ పాదుషా యెదుటను పదములు పాడెనని సంప్రదాయము చెప్పుచున్నది. అందును నాయిక పలుకును, పలికించువాడు పురుషుడు. నాయిక యెవరితో బలుకుచున్నది? ఎక్కువ తావుల సఖితో. మువ్వగోపాలుడు కథలో నుండును గాని గదిలో నుండడు. గదిలో నున్నది సఖి. ఆమె తలయూపును, జడ యల్లును, రాయబారము నడపును, నాయిక కన్నీరు తుడుచును. మన యాలంకారికులు ఆమెకు దూతి యని, చెలికత్తె యని, ప్రతివేశిని యని పెక్కు పేళ్లు పెట్టిరి కాని యామె హృదయము నెవరు నడుగలేదు. పదము వినునపుడు మన మనస్సు గదిలో లేని పురుషుని వెంట బోవును. ఎదుట నున్న స్త్రీ చెవి మాత్రమే. ఆమెకు ముఖము లేదు.

రేఖ్తీ చేసిన పని యిదియే. అది గదిలో నున్న స్త్రీ వైపు ముఖము త్రిప్పినది. చెవిగా నుండిన సఖి వలపునకు లక్ష్యమైనది. "ఆతడు రాలేదే" యని సఖితో మొఱపెట్టుకొనుటకు బదులు "నీవు రాలేదే" యని సఖినే నిలదీయు నాయిక యిందు బుట్టినది. పదకవితా సంప్రదాయ మెఱిగిన తెలుగు పండితునికి ఈ మార్పు లోతు తెలిసినట్లు గజలు మాత్రమే యెఱిగిన లక్నో విమర్శకునికి దెలియుట కష్టము. గజలులో సఖికి స్థానమే లేదు గదా.

ఇచట వ్యాకరణమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఉర్దూ క్రియ ఉత్తమపురుషమందును లింగము జూపును. "నేను వచ్చితిని" అను మాటలోనే చెప్పినది స్త్రీయో పురుషుడో తెలిసిపోవును. గజలు ఈ సౌకర్యమును త్రోసిపుచ్చి, వలచువానిని వలపింపబడువానిని గూడ బుంలింగముననే నిలిపినది. ప్రియుడు దేవుడో బాలుడో వనితయో తెలియకుండుట ఆ ప్రక్రియకు సొగసు. రేఖ్తీ ఆ ముసుగు దీసి, క్రియాంతములను రెండు వైపులను స్త్రీలింగము చేసినది. తెలుగున నట్లు కాదు. వచ్చినవాడను, వచ్చినదానను వంటి రూపములు దక్క మన ఉత్తమపురుష క్రియకు లింగము లేదు. కావుననే పదకర్తలు "చెలియా" యను సంబోధనచే వక్త స్త్రీ యని తెలుపవలసివచ్చినది.

ప్రథమపురుష కథ మఱియు విచిత్రము. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థములను విడిచి తక్కినవానికే మహత్తులని పేరిడినది. ఒక స్త్రీ యొంటరిగా నున్నంత కాలము ఆమెకు జెల్లు క్రియ అమహత్తు క్రియయే. ఆవు వచ్చినది, ఆమె వచ్చినది. బహువచనమున మాత్రము స్త్రీవాచకములు మహత్తులతో గలిసి "వారు వచ్చిరి" అగును. ఇది సూరిగారు కల్పించినది కాదు, భాషలో నున్నదానినే ఆయన చెప్పెను. ఇద్దఱు స్త్రీలు చేరినపుడే యామెకు మానుషత్వము వ్యాకరణసిద్ధమగుట నేను విద్యార్థులకు బాఠము చెప్పునపుడెల్ల మనస్సున మెదలును. దోగానా శబ్దము నా కంటబడిన నాడు ఈ సూత్రమే జ్ఞప్తికి వచ్చినది.

దోగానా యనగా జంటగా నున్నది. బాదముకాయ పగులగొట్టగా ఒకే చిప్పలో రెండు పప్పులు కనబడినచో ఇద్దఱు స్త్రీలు చెఱియొకటి తిని దోగానా లగుదురు. ఇట్టివే మఱి రెండు పేళ్లు కలవు. కోడి ఱొమ్ములోని చీలుటెముకను ఇద్దఱు చెఱియొక కొన పట్టి విఱిచి జనాఖీ యగుదురు. ఏలకి గింజలు పంచుకొని ఇలాయచీ యగుదురు. మూడు పేళ్లును వంటయింటిలోను తాంబూలపు పళ్లెములోను దొరకు వస్తువుల నుండి పుట్టినవే. మన యిండ్లలో జంట అరటిపండు కనబడినచో కవలలు పుట్టుదురని పెద్దలు ఆడపిల్లలను దిననీయరు. జంటపండు అచట బిడ్డల శకునము, ఇచట నేస్తపు ముద్ర. ఈ పేళ్లన్నియు దప్పక శృంగారార్థకములని నే ననను. నేస్తము కట్టుట యన్ని యంతఃపురములలోను గలదు, ఆ మాట నిష్కల్మషమైన మైత్రికిని జెల్లును. రేఖ్తీకవులు దానిని వలపునకు వాడిరి. ఆ మాట యందుకు ఒదిగినది.

ఇపుడు గజలు ప్రేమతో దీనిని బోల్చి చూడుడు. గజలులో ముగ్గురు పాత్రలు: వలచువాడు, ప్రియుడు, "గైర్". గైర్ అనగా అన్యుడు, పరాయివాడు. ప్రియుని సభలో దనకు మాఱుగా కూర్చుండిన ప్రతిస్పర్ధి. కాని నిజముగా జూచినచో ఆ కవితలో నందఱును అన్యులే. ప్రియుడు కత్తి పట్టిన హంతకుడు, విగ్రహము, క్రూరుడు, చేరరానివాడు. వలచువాడు వీధిలో బిచ్చగాడు. దూరము లేనిదే గజలు లేదు. దోగానా శబ్దము ఈ యేర్పాటును దలక్రిందులు చేయుచున్నది. ఒకే చిప్పలోని రెండు పప్పులలో అన్యమేది? రెండును వేఱు, కాని రెంటికిని ఒకే యిల్లు. ఇచట ప్రియురాలు ఆరాధ్యదేవత కాదు, రెండవ తాను. కలహము లేదనుకొనరాదు. రేఖ్తీలో దోగానాల కలహములు గజలు కలహములకంటె హెచ్చు. ఆమె మఱియొకతెతో నెయ్యము చేసెను, పల్లకి పంపలేదు, కబురంపిన దాసిని గసరెను, నా యోణీ తిరిగి యియ్యలేదు. ఫిర్యాదులు హంతకునిపై వేసినవి కావు, పొరుగింటి మనిషిపై వేసినవి. ఈ వలపు సామాన్య సంసారము వలె వర్ణితమగుట, పాపమనియో వింత యనియో చాటబడక యోణీల కలహముగా వచ్చుట, నాకు మిక్కిలి విలువగలదిగా దోచుచున్నది.

అలంకారశాస్త్రమును జూపి దీనిని రసాభాసమని కొట్టివేయువా రుందురు. వారు సాహిత్యదర్పణమును మఱల జూడవలయును. విశ్వనాథుడు ఉపనాయకునియందును, ముని గురు పత్నులయందును, బహునాయకులయందును గల రతిని, ఏకపక్షమగు ననుభయనిష్ఠ రతిని, ప్రతినాయక, అధమపాత్ర, తిర్యగాదుల రతిని ఆభాసముగా బేర్కొనెను. స్త్రీల పరస్పరరతి యా పట్టికలో లేదు. ఆయన తలపునకు రాకపోవుటచే విడిచెనని చెప్పవచ్చును గాని శాస్త్రకారులకు దెలియని విషయమని మాత్రము చెప్పరాదు. వాత్స్యాయనుడు అంతఃపురికల వ్యవహారములో దీనిని బేర్కొనినాడు. సుశ్రుతుడు శారీరస్థానమున, ఇద్దఱు స్త్రీలు కూడినచో ఎముకలు లేని శిశువు జనించునని వ్రాసినాడు. ఆ వైద్యము నేడు నిలువదు. ఊహ మాత్రము శాస్త్రగ్రంథమున నిలిచియే యున్నది. పైగా దోగానాల రతి ఉభయనిష్ఠము. ఆ మాట యర్థమే యది.

ఇక ప్రధానమైన ఆక్షేపణ. ఈ కవులందఱు పురుషులు. వీరి శ్రోతలును పురుషులే. రంగీన్ దా నీ భాషను ఖాన్‌గీలనబడు వేశ్యల సాంగత్యమున నేర్చితినని తానే చెప్పుకొనెను. తరువాతి తరమున జాన్ సాహెబు స్త్రీవలె వేషము ధరించి ముషాయిరాలలో రేఖ్తీ చదివి సభను నవ్వించెడివాడని ప్రసిద్ధి. నవ్వించుటకై చెప్పినదానిని సాక్ష్యముగా గొనుట యెట్లు? కార్లా పెటీవిచ్ అను విదుషి 2007లో బ్రకటించిన గ్రంథమున ఈ పురుషుల స్త్రీకంఠధారణమును దక్కనీ కాలము నుండి పరిశీలించి, దానిని స్త్రీల స్వరముగా భ్రమింపరాదని హెచ్చరించినది. హెచ్చరిక న్యాయమైనదే. రంగీన్ గజళ్ళలో బెక్కింటియందు తలుపు సందున నిలిచి చూచుచున్న పురుషుని యూపిరి వినబడుచునే యుండును. ఆతడు స్త్రీల నిద్దఱను గూర్చుండబెట్టి తాను తప్పుకొనడు. పద్యము ముగియువేళకు శ్రోతవైపు కన్ను గీటును. ఇన్షా చెవి ఇంతకంటె నిశితమైనది. మాటల నడక యందలి యాసక్తి యాతనిని గొంత కాపాడినది. ఏ జాతి, ఏ పేట, ఏ వృత్తివా రెట్లు మాటలాడుదురో దరియాయె లతాఫత్‌లో వ్రాసి పెట్టిన వాడాతడు.

ఇచటనే నిఘంటువు మనకు బనికివచ్చును. రంగీన్ తన రేఖ్తీ దివానునకు స్త్రీల మాటల కర్థములు కూర్చి యొక పట్టికను జేర్చెను. ఎందుకు? చదువు పురుషులకు ఆ మాటలు తెలియవు గనుక. స్వకపోలకల్పిత శబ్దమునకు ఎవడును పొరుగువారి భాష యని నిఘంటువు వ్రాయడు. దోగానా, జనాఖీ, ఇలాయచీ యనునవి పురుషుల సభలో బుట్టిన చమత్కారములైనచో పురుషులకు వ్యాఖ్యానము అక్కఱలేదు. వ్యాఖ్యానము కావలసివచ్చుట చేతనే యవి వేఱొక లోకమున వాడుకలో నుండినవని తేలుచున్నది. కవి యా లోకము నుండి మాటను దొంగిలించి కథను దాను కట్టినాడు. దొంగసొత్తు వలన దొంగ గుణము తెలియును, సొత్తు గలవారి యింటి జాడయు దెలియును.

హైదరాబాదు పాతనగరమునకు వత్తము. నిజామ్ అలీ ఖాన్, ఆయన కుమారుడు సికిందర్ జాల కాలమున ఇచట రేఖ్తీ చెప్పినవారిలో ఖైస్ అను కవి పేరెన్నిక గన్నవాడు. ఆ దర్బారులోనే మహలఖా బాయి చందా (1768-1824) నర్తకియై, గాయనియై, జాగీరుదారిణియై వెలసినది. ఉర్దూలో దివాను సంతరించిన తొలి స్త్రీలలో నామె యొకతె. ఆమె దివానున 125 గజళ్ళు, ఒక్కొక్కటి యైదు షేర్లు గలవి, కలవు. 1799లో దాని ప్రతి నొకదానిని ఆమె జాన్ మాల్కమునకు గానుకగా నిచ్చినది. ఆమె సమాధి మౌలా అలీ కొండ పాదమున, తల్లి కొఱకు దాను గట్టించిన తోటలోనే యున్నది.

ఇంత స్వాతంత్ర్యము గల స్త్రీ కలము పట్టినపుడు స్త్రీకంఠమును వాడెనా? సాధారణముగా లేదు. గజలు మర్యాదను బాటించి, పుంలింగమున వలచు ప్రేమికుని కంఠమునే యామె స్వీకరించినది. ఒకే నగరమున, ఒకే కాలమున, పురుషుడు "నేను వచ్చితిని" అని స్త్రీలింగమున బాడుచుండ, స్త్రీ యదే మాటను బుంలింగమున బాడుచున్నది. పురుషుడు స్త్రీ యగుట వినోదమనిపించుకొనెను. స్త్రీ పురుషు డగుట పాండిత్యమనిపించుకొనెను. చందా రేఖ్తీ యేల చెప్పలేదని యడుగువారు ఆమె సభను ఊహింపవలయును. రేఖ్తీ చెప్పిన పురుషుడు సభ ముగియగానే వేషము విప్పి యింటికి బోవును. ఆమె చెప్పినచో అది వేషమని యెవరును నమ్మరు. అన్యకంఠము ఆమెకు గవచము. స్కాట్ కూగల్ 2016లో వెలువరించిన గ్రంథమున సిరాజ్ ఔరంగాబాదీ కవితతో జోడించి చందా కవితను జదివి, లింగమర్యాద యిద్దఱిలోను ఎట్లు తారుమారగుచున్నదో చూపినాడు. దక్కను కవిత్వమున ఈ ప్రశ్నను ఒక స్త్రీని ఒక పురుషుని ప్రక్కప్రక్కన బెట్టి విచారించుట నాకు నచ్చిన పద్ధతి.

కవచము లేక పలికిన స్త్రీ మన తెలుగున గలదు. ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దిలో దంజావూరున, ప్రతాపసింహుని కాలమున, రాధికాసాంత్వనము రచించినది. రాధ తన చేతుల బెంచిన ఇళను శ్రీకృష్ణునకు బెండ్లి చేసి, ఆమెకు శృంగారపు మెలకువలు తానే నేర్పి పంపి, పిదప విరహమున గుందుట అందలి కథ. దీనిని స్త్రీల పరస్పరానురాగ కావ్యమనుట సాహసము. ఆ కోరికలన్నియు శ్రీకృష్ణుని చుట్టే తిరుగును. కాని పెంచిన చేతికిని పెరిగిన మేనికిని నడుమ నున్న యెఱుక, సింగారించు వేళ చూపులోని నిలుకడ, తెలుగు ప్రబంధములలో నితరత్ర అంత సన్నిహితముగా దొరకవు. ఆ యెఱుక స్త్రీది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో ఈమెను నిరసించినది కావ్యమందలి శృంగారమునకే కాదు, దానిని జెప్పినది స్త్రీ యగుటకును. అంతకు మించిన శృంగారమును జెప్పిన పురుషులకు ఆ చరిత్రలోనే గౌరవస్థానములు దక్కినవి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారిచే గావ్యమును సమగ్రముగా బ్రకటింపజేయగా ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము 1947లో దొలగినది.

ఉర్దూ వారి చరిత్రయు దీనికి దూరము కాదు. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880 నాటి ఆబె హయాత్‌లో రేఖ్తీని బేర్కొని, జనులు స్త్రీప్రాయులగుటకు ఇదియు నొక కారణమని తలపోసినాడు. హాలీ 1893లో వ్రాసిన కవిత్వవిమర్శ పిమ్మట సత్కవిత యనగా నీతికవిత యను భావము స్థిరపడినది. పరాజితజాతి తన యోటమికి గారణము వెదకికొనుచు అంతఃపురము మీద నేరము మోపినది. వీరేశలింగము పంతులుగారి కాలమున మనవారును అదే చేసిరి. అప్పటి నుండి రేఖ్తీ సంకలనములనుండి తొలగినది. ఆ మఱపు కాలమున హైదరాబాదు పండితుడు తమ్కీన్ కాజ్మీ 1930లో రేఖ్తీకవుల చరిత్రను దజ్కిరాగా గూర్చి యిచటనే ప్రకటించుట ఈ నగరమునకు బేరు తెచ్చిన సంగతి. మఱునా డెవ్వరును జదువని కవుల పేళ్లను వెదకి యెక్కించుటకు ఓర్పు కావలెను. లక్నోవారు చేయవలసిన పనిని దక్కనువారు చేసిరి.

స్త్రీయే కలము పట్టి ఈ విషయమును వ్రాసిన ప్రసిద్ధ సందర్భము ఇస్మత్ చుగ్తాయ్ కథ లిహాఫ్. అది 1942లో వెలువడినది, లాహోరు న్యాయస్థానమున వ్యాజ్యెము నడచినది. దానిలో నొక సంగతి విమర్శకు లంతగా బట్టించుకొనలేదని తోచుచున్నది. భర్తచే విడువబడిన బేగమునకు సేవకురాలితో గల బంధమును జెప్పుచున్నది బేగము కాదు, సేవకురాలును గాదు. చీకటిలో బొంత కదలుట చూచి భయపడిన బాలిక. రంగీన్ తలుపు సందున నిలిచినట్లు ఈ బాలిక మంచముపై నిలిచినది. అచట కన్ను గీటు, ఇచట భయము. చుగ్తాయ్ కథ శిల్పమున గొప్పది. ఆ బాలిక భయమే కథకు బ్రాణము. కాని లోపలి యిద్దఱిలో నొకతె "నేను" అని పలుకుట ఇందును లేదు. దోగానా శబ్దమును వాడిన నూఱేండ్ల క్రిందటి లోకము ఈ బేగముకంటె నొక విధమున భాగ్యవంతము. ఆ లోకమున ఈ బంధమునకు బేరుండినది, బాదముపప్పు నాధారము చేసికొన్న ముచ్చట యుండినది. 1942 నాటి బేగమునకు బొంత తప్ప మఱేమియు లేదు. నడుమ జరిగినది ఆజాదు, హాలీల యుగము.

రూత్ వనిత 2012లో రేఖ్తీని గూర్చి ప్రకటించిన గ్రంథము ఈ విషయమున నేడు ప్రధానమైనది. అంతకు ముందే ఆమె సలీమ్ కిద్వాయ్‌తో గలిసి 2000లో భారతీయ వాఙ్మయమందలి సజాతిప్రేమ రచనల సంకలనమును దెచ్చినది. రేఖ్తీ నాగరిక జీవనమున బుట్టి, స్త్రీల వలపును నిందింపక సహజవృత్తముగా జూపినదని యామె వాదము. నిందింపలేదనుట నిజము. సహజవృత్తముగా జూపిన దనుటతోను నే నేకీభవింతును. రేఖ్తీలోని స్త్రీ యెన్నడైన నొంటరిగా నున్నదా యని మాత్రము ఆ గ్రంథము చదువుచు నేను వెదకితిని. దోగానా విడిచిపోయిన పిమ్మట, సభ లేని రాత్రి, నవ్వించు ప్రాస లేని మాట. నాకు గనబడలేదు. విరహము కలదు గాని యది చాటుకొనుటకే యున్నది. పురుషకవికి రెండు పప్పులును గనబడినవి గాని ఒకటి పోయిన చిప్ప కనబడలేదు. స్త్రీ వ్రాసియుండినచో అదియే తొలి పద్యమై యుండునేమో.

2018 సెప్టెంబరు 6వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము వయోజనుల అంగీకృత సజాతి సంబంధమును నేరముగా నెంచు 377వ నిబంధన భాగమును గొట్టివేసినది. తెలుగున ఇట్టి బంధమును జెప్పుటకు నేటి రచయితలు వాడు మాటలు సంస్కృతము నుండియో ఇంగ్లీషు నుండియో తెచ్చుకొన్నవి. స్వలింగ శబ్దము వైద్యగ్రంథపు వాసన గొట్టును. దానిలో "లింగము" కలదు, ఇద్దఱు లేరు. పరభాషాపదము పలుకగానే వినువాడు ఇది మనది కాదనును. అందుచే ఆ స్త్రీ తన భాషలోనే పరాయిది యగుచున్నది. చార్మినారు నీడలో బుట్టిన తెలుగువానికి దక్కనీ పదము పరాయిది కాదు. కబురు, జాగీరు, ఫిర్యాదు ఈ వ్యాసములోనే యెన్ని మాఱులు వచ్చినవో చదువరులు గమనించియుందురు.

దోగానా శబ్దమునకు మఱియొక యర్థము కలదు. రెండు రకాతుల నమాజునకును ఆ పేరే. పండుగ నాటి ప్రార్థనకు, కృతజ్ఞతగా జేయు ప్రార్థనకు ఈ మాట వాడుదురు. రేఖ్తీ కవులలో నీ శ్లేషను ఎవరెవరు వాడిరో, ఎట్లు వాడిరో పరిశీలింపవలసియున్నది. సాలార్ జంగ్ గ్రంథాలయమందలి ఉర్దూ వ్రాతప్రతులకు నసీరుద్దీన్ హాష్మీ కూర్చిన వివరణాత్మక సూచిక 1957లో వెలువడినది. ఆ పరిశీలన నచట మొదలిడుటకు వీలున్నది.